యోహాను మాస్టారి ఆపరేషను

ఈ ఉదయం మద్దిలపాలెంలోని మా షెడ్డులో మోటారుకు వార్నిష్ పూస్తుంటే, ఆ ఘాటు వాసనకి యోహాను మాస్టారు గుర్తొచ్చారు. ఐటీఐ చదివి సబ్బవరం నుంచి వచ్చిన నన్ను, ఆడపిల్లకి ఈ పనెందుకని అందరూ వెనక్కి పంపేస్తుంటే, పనిలో పెట్టుకున్నది ఆయనే. కాలిపోయిన మోటారు విప్పి రాగితీగ కొత్తగా చుట్టడం నేర్పారు. భార్య పోయారు, పిల్లలు లేరు. ఆదివారం చర్చిలో కోరస్‌తో కలిసి పాడేవారు. తక్కిన ఆరు రోజులూ అవసరమైతే తప్ప నోరు విప్పేవారు కాదు.

అప్పుడప్పుడూ బ్యాంకు పనుందని వెళ్లేవారు. ఒక మధ్యాహ్నం నా పక్కకొచ్చి నిలబడ్డారు.

"రేపు ఖాళీయేనా అమ్మా? ఆస్పత్రికి రావాల. ఈసారి ఒక్కడినీ రావొద్దన్నాడు డాక్టరు."

ఆయన మూత్రాశయంలో క్యాన్సరు గడ్డ ఉందనీ, రెండుసార్లు గీకి తీసేశారనీ, బ్యాంకు పనని చెప్పి వెళ్లి వారం వారం గొట్టం ద్వారా మందు ఎక్కించుకున్నారనీ మర్నాడు ఆస్పత్రిలోనే నాకు తెలిసింది. గడ్డ మూడోసారి వచ్చింది. డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు. మూత్రాశయం తీసేస్తే, మూత్రానికి పొట్ట మీద చిన్న దారి పెట్టి, బతికినంత కాలం సంచి తగిలించుకోవాలి. వద్దనుకుంటే ఇంకో మందు వేసి చూడొచ్చు, కానీ ఈలోగా జబ్బు లోతుకి దిగితే చెయ్యి దాటిపోవచ్చు. తన సలహా ఆపరేషనేననీ, నిర్ణయం మాత్రం ఆయనదేననీ అన్నారు.

బయటికొచ్చాక మాస్టారు అడిగారు. "నువ్వేటంటావు?"

"మీ ఇష్టం మాస్టారూ," అన్నాను. అది మర్యాద అనుకున్నాను. ఆయన తలూపి బస్సెక్కేశారు. కిటికీ పక్కన కూర్చున్న ఆ మనిషిని చూశాక గానీ, ఎంత ఒంటరిగా వదిలేశానో అర్థం కాలేదు.

పది రోజులు గడిచాయి. ఆయన ఎటూ తేల్చలేదు. చివరికి నేనే అడిగితే, చేతిలోని తీగ వైపు చూస్తూ చెప్పారు. "సచ్చిపోతానని కాదమ్మా. కోరస్‌లో నిలబడినప్పుడు కారిపోతే? వాసనొత్తే?"

ఆస్పత్రి నర్సమ్మకి ఫోన్ చేసి, సంచితో బతుకుతున్న వాళ్లెవరినైనా కలవొచ్చా అని అడిగాను. ఆవిడ ఒకాయన్ని ఒప్పించింది. మధురవాడలో ఉంటాడు, పేరు అప్పలరాజు, క్యాబ్ నడుపుతాడు. మేం వెళ్లగానే మొహమాటం లేకుండా చొక్కా ఎత్తి చూపించాడు.

"నాలుగేళ్లయింది మాస్టారూ. మొదట్లో రెండుసార్లు కారిపోతే ఏడ్సీసాను. ఇప్పుడు అరకు ట్రిప్పులకి ఎల్లి వత్తన్నాను."

"గట్టిగా పాడితే?"

"పాట నాకు రాదు గానీ, మా ఆవిడతో దెబ్బలాడినప్పుడు గొంతు సింపుకుంటాను. ఏటీ అవలేదు."

మాస్టారు నవ్వారు. ఆయన నవ్వగా చూసి చాలా కాలమైంది. తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "సంచి ఎవరు మారుత్తారు?"

"మా ఆవిడే," అనేసి అప్పలరాజు నాలుక కరుచుకున్నాడు. "నేర్సుకుంటే ఒక్కరూ మార్సుకోవచ్చు."

"నేను నేర్చుకుంటాను మాస్టారూ," అన్నాను.

"వద్దమ్మా. నాను నేర్సుకుంటాను. నువ్వు పక్కన నిలబడు, సాలు."

మర్నాడు డాక్టరుకి ఆపరేషనేనని చెప్పారు. అది అయ్యాక నర్సమ్మ సంచి మార్చడం నేర్పుతుంటే, వెంట్రుకంత తీగ చుట్టే ఆ వేళ్లకి అది పట్టుబడలేదు. నేను అద్దం పట్టుకుని నిలబడ్డాను. మూడుసార్లు అంటుకోలేదు, నాలుగోసారి అంటుకుంది. మూడు నెలలకి మళ్లీ చర్చికి వెళ్లారు. మొదటి ఆదివారం తలుపు దగ్గరే, వెనక వరసలో నిలబడి పాడారు.

మూడేళ్లు బాగున్నారు. జబ్బు తిరగబెట్టలేదు. ఒక ఉదయం పనికి రాకపోతే ఇంటికి వెళ్లి తలుపు తట్టాను. పలకలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. ఎవరూ పక్కన లేరు.

షెడ్డు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఆస్పత్రికి తోడొస్తానని తెలిసి ఎవరైనా రిపోర్టు పట్టుకుని భయంగా వస్తే, ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. చేతిలో పని పక్కన పెట్టి, "ఎప్పుడెళ్దాం?" అని అడుగుతాను. వాళ్ల పక్కన ఆస్పత్రి బల్ల మీద కూర్చుంటాను. నా వంతు వస్తే ఎవరిని పిలవాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.