కోడలి మాత్ర ఆపిన నా చదువు

సోమవారం, పొద్దున ఎనిమిదిన్నర. తెలంగాణ కోసం బంద్ నడుస్తున్న రోజు. నల్లగండ్ల రోడ్డు మీద బస్సు లేదు, ఆటో లేదు. సరిగ్గా ఆ ముహూర్తం చూసుకుని నా చదువు మా ఇంటి మీద విరుచుకుపడింది. చెబుతాను, నవ్వండి. నాకేం సిగ్గు లేదు.

మా ఆయన అపార్ట్‌మెంటు వాచ్‌మన్. సెల్లారు గదిలో ఉండేవాళ్లం. యాభై దాటాక కోడలు స్వప్న నాకు అక్షరాలు నేర్పింది, ఇంగ్లీషువి కూడా. కొత్తగా చదువొచ్చినవాడు పొద్దెరగడు! ఉప్పు ప్యాకెట్టు మొదలు లిఫ్టు మీది హెచ్చరిక దాకా దేన్నీ వదిలేదాన్ని కాదు.

స్వప్నకు మూడో నెల. థైరాయిడ్‌కని రోజూ పరగడుపున మాత్ర వేసుకునేది. ఆమె రక్తపరీక్ష రిపోర్టు నా చేతికి చిక్కింది. టీఎస్‌హెచ్ తొమ్మిది. ఉండాల్సింది నాలుగు లోపు.

"ఏందే గిది! నీ థైరాయిడ్ డబలయింది. ఇంకా మాత్ర మింగితే పాలు పొంగినట్టు పొంగుతది. ఇయ్యాల్టి నుంచి మాత్ర కూడా బంద్!" అని డబ్బా లాక్కుని కొంగున ముడేసుకున్నాను.

"అత్తమ్మా, కడుపుల బిడ్డ ఉన్నది. జర డాక్టరమ్మను అడుగుదాం."

"నాకు చదువొస్తది!"

"నేర్పింది నేనే గదా!"

"మంచిగ నేర్పినవ్. గందుకే చెప్తున్న!"

అయినా మూడో అంతస్తులో ఉండే కాకినాడ డాక్టరమ్మ పద్మావతి గారింటికి ఎక్కాం. నేను వెళ్లింది అడగడానికి కాదు, చదివి వినిపించడానికి. గడగడా వినిపించాను.

"చక్కగా చదివారండీ. మాత్ర వేసుకుందా?"

"నేనే ఆపిన," అన్నాను, దండ వేయించుకునేదానిలా మెడ చాచి.

"అయ్యో, తిరగేసి అర్థం చేసుకున్నారండీ!" అంటూ ఆమె కిటికీ తెరిచారు. కింద నినాదాలు హోరెత్తుతున్నాయి. "వాళ్లు అంత గట్టిగా ఎందుకు అరుస్తున్నారు?"

"అడిగింది ఇయ్యకపోతే ఒర్లరా మరి!" అన్నాను కస్సుమని.

"టీఎస్‌హెచ్ కూడా అదేనండీ. థైరాయిడ్‌ను పని చెయ్యమని తలలోంచి వచ్చే కేక. థైరాయిడ్ ఇవ్వాల్సింది ఇవ్వడం లేదు కాబట్టి కేక తొమ్మిదికెక్కింది. మాత్ర ఆపకూడదు, పెంచాలి. బిడ్డకు కావాలి."

"అంటే... ఆకలని ఒర్లేటోళ్ల చేతులకెల్లి ఉన్న రొట్టె గూడ నేనే గుంజుకున్ననా?"

స్వప్న పగలబడి నవ్వింది. కంగారులో కొంగుముడి బిగుసుకుపోతే డాక్టరమ్మ కత్తెరతో కోసి మరీ మాత్ర వేయించారు. ఆ వెంటనే స్వప్నను చూసే డాక్టరుకు ఫోన్ చేసి మాత్ర పెంచే ఏర్పాటు చేశారు.

అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను: రిపోర్టు ఎవరు తెచ్చినా చదివిపెడతాను, అర్థం మాత్రం చచ్చినా చెప్పను. కానీ ఆ రోజు చదవడంలో ఒక్క అక్షరం తప్పలేదు. అనుమానముంటే అక్కడున్న వాళ్లను అడగండి: డాక్టరమ్మ పద్మావతి గారు, నా గురువు స్వప్న, మల్లమ్మనైన నేను, ఇంకా కడుపులోంచి అంతా విన్న మా మనవరాలు కీర్తన.