హార్డ్ డిస్కుకి దమ్ము చేసిన రోజు

రెండువేల ఆరో సంవత్సరం, ఫిబ్రవరి నెల రెండో ఆదివారం, పొద్దున్న పదీ పదిహేను నిమిషాలకి మా కాలవ కింద రైతులందరి నీళ్లూ నేను ఒక్క వేలితో తుడిచేశాను. తుఫాను కూడా అంత శుభ్రంగా తుడవదు. మీరు నవ్వడానికే రాస్తున్నాను, మొహమాటపడకండి.

అప్పుడు నేను నీటి సంఘం ప్రెసిడెంటుని. నలభై రెండేళ్లకి పలక పట్టినవాణ్ణి. ఆలస్యంగా చదువొచ్చినవాడికీ ఆలస్యంగా పెళ్లయినవాడికీ జబ్బు ఒకటే, ఎక్కడికెళ్లినా దాని గురించే చెబుతాడు. లారీ వెనక రాతలు చదువుతూ లారీ వెంట నడిచిపోయిన రోజులున్నాయి. అలాంటివాడి ఇంటి అరుగు గదిలో సంఘం కంప్యూటరు పెట్టారు.

ఆ ఏడు గోదావరిలో నీళ్లు తక్కువ. దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతులు వేశారు. ఏ తూము ఏ రోజు ఎత్తాలి, ఎవరి చేనుకి ఎన్ని గంటలు, ఆ పట్టికంతా మా గుమాస్తా వెంకట్రావు ఇరవై రోజులు కూర్చుని కంప్యూటర్లో కొట్టాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి రైతుల మీటింగులో అది చదవాలి. చదవకపోతే కాలవ చివరనున్న శివారు చేలు ఎండుతాయి. చేలు ఎండేలోపు తలకాయలు పగులుతాయి.

ఇంతలో కంప్యూటరుకి వైరస్ పట్టింది. మా ఊరి స్కూల్లో కంప్యూటర్ చెప్పే మేరీ సుహాసిని గారు చూసి, మూడు సీడీలు నా చేతిలో పెట్టారు.

"ఇవి లినక్స్ అండి బాబాయ్ గారూ, కంప్యూటరుని నడిపే సాఫ్ట్‌వేరు, వైరస్‌లు అంతగా పట్టవు. మూడు రకాలు. లోపల ఎలా రాశారో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు, పక్కవాళ్లకి ఇచ్చుకోవచ్చు."

"మా నాన్న హయాంలో విత్తనాలు ఇలాగే ఉండేవమ్మా. పక్క చేలో బాగుంటే దోసెడు అడిగి తెచ్చుకునేవాళ్లం."

"అంతేనండి. మూడూ సీడీ నుంచే నడిపి చూడండి. ఏది నచ్చిందో చెప్పండి. ఇన్‌స్టాల్ మాత్రం నేనొచ్చాకే. ముందు ఫైళ్లు కాపీ తీయాలి."

ఆ చివరి మాట నేను వినలేదు. సీడీ మీద అక్షరాలు కూడబలుక్కుంటున్నాను.

మూడింటికీ వరి పేర్లు పెట్టుకున్నాను. స్వర్ణ చూడ్డానికి బాగుంది కానీ చూడిగేదెలా కదిలేది. మసూరిలో తెలుగు కొడితే అన్నీ డబ్బాలే, సున్నం కొట్టని ఇటుకల్లాగ. మూడోది అక్కుళ్లు. అందులో నా పేరు కొడితే ఒత్తుతో సహా నిండుగా వచ్చింది. పెళ్లిచూపుల్లో కూడా నా మనసు అంత తొందరగా పడలేదు. ఈ మాట మా ఆవిడ మంగాయమ్మ చదవదు లెండి.

ఆదివారం కదా, సుహాసిని గారు చర్చికి వెళ్లారు. నచ్చిన నారు చేతిలో పెట్టుకుని ఎవడాగుతాడు? సీడీలో చూడ్డం నారుమడి, ఇన్‌స్టాల్ అంటే ఊడ్పు. ఊడ్చేద్దామని నొక్కాను. డిస్కు మొత్తం తుడిచి వాడుకోమంటావా, కొంత భాగం వాడుకోమంటావా అని ఇంగ్లీషులో అడిగింది. చదివి మంగాయమ్మకి తెలుగులో చెప్పాను, గొప్పకి.

"తుడుస్తానంటోందిగా. ఆ అమ్మాయిని రానీండి," అంది.

"ఊడ్పుకి ముందు నీళ్లు పెట్టి దున్ని దమ్ము చెయ్యకుండా ఎవరైనా నాటతారా? పాత కలుపు చావాలి. కలుపంటే వైరస్."

"కొంత భాగం అని కూడా ఉందన్నారు కదా."

"సొంత చేలో సగం బీడు పెట్టుకోమంటావా?"

"మీ ఇష్టం. పుట్టలో వేలు పెడితే చీమైనా కుడుతుంది. మీరు ఏకంగా మౌసు పెడుతున్నారు."

నొక్కాను. గంటలోపే అక్కుళ్లు పచ్చగా లేచింది. కలుపు ఒక్క మొక్క లేదు. అప్పుడే వెంకట్రావు ఫ్లాపీ పట్టుకుని వచ్చాడు, ధవళేశ్వరం వెళ్లి పట్టిక ప్రింటు తీయించడానికి. కాసేపు వెతికాడు. ఉడికిన చామదుంపలా అయిపోయాడు.

"పట్టికేదండీ?"

"అందులోనే ఉండాలి. నేనేం తినలేదు."

నేల మీద కూలబడ్డాడు. "పోన్లెండి, చేత్తో రాసిన కాగితాలున్నాయి కదా."

మంగాయమ్మ నావైపు చూసింది. "మొన్న కంప్యూటర్లోకి ఎక్కాక ఈ చెత్తెందుకని నీళ్ల పొయ్యిలో పెట్టించింది ఎవరు?"

ఇంతలో సుహాసిని గారు చర్చి నుంచి వచ్చారు. తెర చూసి, "భలే పెట్టారు బాబాయ్ గారూ, ఒక్క తప్పు లేదు," అన్నారు. తర్వాత నేల మీద వెంకట్రావుని చూశారు.

"తుడిచింది మళ్లీ రాదామ్మా? ప్రార్థన చేస్తే?"

"ప్రభువు కూడా కాపీ తీశారా అనే అడుగుతారండి."

చివరికి మంగాయమ్మే లస్కరు అప్పన్నని పిలిపించింది. పాతికేళ్లుగా మా కాలవ తూములు ఎత్తేదీ దించేదీ అతనే. వంతులు వేసినప్పుడూ పక్కనే ఉన్నాడు. అక్షరం ముక్క రాదు.

"ఉన్నదున్నట్టు చెప్పు అప్పన్నా, నేను రాస్తాను," అన్నాను.

కళ్లు మూసుకుని, నిలబడినచోటే కాలవ గట్టు మీద నడుస్తున్నట్టు కాళ్లు కదుపుతూ, మొదటి తూము నుంచి చెప్పుకుపోయాడు. నేను రాసుకుపోయాను. నా రాత సంగతి చెప్పాలి. ఒత్తు ఎక్కడ పెట్టాలన్న ధ్యాసలో మాట చెవి దాటి లోపలికి రాదు. మూడున్నరకి పదకొండు కాగితాలయ్యాయి, ఒక్కో అక్షరం గుమ్మడికాయంత. వెంకట్రావు సరిచూస్తానంటే, నా దస్తూరీ మీద నమ్మకం లేదా అని లాక్కున్నాను.

మీటింగులో నిలబడి, గొంతు సవరించుకుని, గణగణలాడించాను. మూడు తూములు అయ్యాయి. శివారు రైతు ఏసుదాసు కూడా తలూపుతున్నాడు.

"నాలుగో తూము. ప్రెసిడెంటు గారి చేను. వంతు ఆరు గంటలు. చెప్పకుండా పెట్టుకునేది ఇంకో ఆరు."

అర్థం బుర్రకెక్కేసరికి వాక్యం అయిపోయింది.

అప్పన్న నెమ్మదిగా అన్నాడు, "ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కదండీ."

ఏసుదాసు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "సరిగ్గా వినపడలేదండి. ఇంకోసారి చదువుదురూ."

చదివాను. నేర్చుకున్న చదువుకి అదే గురుదక్షిణ. ఆ దొంగ ఆరు గంటలూ శివారుకి రాసేశాం. ఆ ఏడు ఏసుదాసు చేను నా చేను కంటే బాగా పండింది.

అక్కుళ్లు మాత్రం మా ఇంట్లోంచి పోలేదు. లోపలున్నది దాచుకోదు, నాకు అదే నచ్చింది. అప్పన్నా అంతే, నాకు నచ్చకపోయినా చెప్పేస్తాడు, అదీ నచ్చడం నేర్చుకున్నాను.

ఇందుమూలంగా గోదావరి తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కాపీ తీయకుండా దమ్ము చెయ్యను. ముందు మనసులో చదువుకోకుండా పైకి చదవను. ఆరు గంటల మీద ఏడో గంట నీళ్లు ముట్టను. ఆ రోజు అక్కడున్నవాళ్లే సాక్షులు: నా భార్య మంగాయమ్మ, గుమాస్తా వెంకట్రావు, మేరీ సుహాసిని గారు, శివారు ఏసుదాసు, మా కాలవ రైతులంతా, ఇంకా లస్కరు అప్పన్న. ఈ ప్రమాణం నేను తుడిచేసినా అతని దగ్గర కాపీ ఉంటుంది.