కహోన్ మీద కూర్చోనన్న మా నాయన

మా నాయన బెంగళూరు దగ్గర జూజువాడిలో, ఒక షెడ్డులో ఫ్యాక్టరీలకు ప్యాకింగ్ పెట్టెలు కొట్టే వడ్రంగి. శనివారం సాయంత్రం భజనలో మాత్రం మృదంగం ఆయనదే. రెండేళ్ల కిందట మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక డాక్టరు బాసింపట్టు వేసుకుని కూర్చోవద్దన్నాడు. మృదంగం మూలపడింది. శనివారం వస్తే ఆయన ముఖం చూడలేకపోయేదాన్ని.

నాకు ఊరికే ఉండే గుణం లేదు. బెంగళూరులో ఒక పెళ్లి కచేరీలో కహోన్ చూశాను. అదొక చెక్క పెట్టె. దాని మీదే కూర్చుని ముందు పలకను చేతులతో వాయిస్తారు. కాళ్లు మడిచే పని లేదు. కొని తెచ్చేశాను.

నాయన అతుకులన్నీ తడిమి చూసి మురిసిపోయాడు. మరునాడు ఆయుధపూజ. నేను లేచేసరికి రంపం, ఉలి, మృదంగం పక్కన దాన్ని కూడా పెట్టి, కుంకుమ బొట్లు, పూలదండతో సింగారించేశాడు.

"దీని మీద కూసోని వాయించాల నాయనా," అన్నాను.

"వాయిద్యం మీద పిర్ర ఆనించి ఎవురన్నా కూసుంటారామ్మా? సరస్వతమ్మ ఊరుకుంటాదా?"

పూజ అయ్యాక వెనకాల స్టూలు వేసుకుని, ముందుకు వంగి వాయించబోయాడు. నడుం పట్టేసింది. నాకు ఒళ్లు మండింది. ఇంత మొండిమనిషిని ఎక్కడా చూడలేదు.

ఆ కోపంలోనే దాని పేరు గురించి వెతికి చదివాను. పండగ అయి నాయన మళ్లీ పనిలోకి పోయిన రోజు, మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని షెడ్డుకు పోతే, ఆయన అప్పుడే కొట్టిన పెట్టె మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు.

"కాహా అంటే స్పానిష్‌లో పెట్టె, నాయనా. కహోన్ అంటే పెద్ద పెట్టె. అంతే. పెరూ దేశంలో బానిసల్ని డోళ్లు వాయించనీలేదంట. వాళ్లు సరుకు పెట్టెల మీద కూసోని వాటినే వాయించినారంట. పేరు కూడా మార్చలేదు."

తింటున్న నాయన ముద్దను గిన్నెలో పెట్టేశాడు.

"డోళ్లు పెరుక్కునేసినారా?"

"అంతే అంటారు."

"పాపం," అన్నాడు. కూర్చున్న పెట్టెను ఎడంచేత్తో తట్టి, "పెట్టె మీద కూసునేది నాకేం కొత్తా? ముప్పై ఏండ్లుగా ఈ పనే కదా," అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, కహోన్‌ను కళ్లకద్దుకుని దాని మీద కూర్చున్నాడు. మొదట మెల్లగా తట్టాడు. తర్వాత ఆదితాళం అందుకున్నాడు. అమ్మ పొయ్యి ఆపేసి వచ్చి నిలబడింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"శనివారం ఐదింటికే ఆటో చెప్పమ్మా," అన్నాడు నాయన, వాయించడం ఆపకుండానే.