బాపట్ల ఎప్పుడు చూపిస్తారండీ?

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఫోను కిటికీ ఊచలకు ఆనించి పట్టుకుంటాను. వేమూరు దాటేసరికి చేల మీద పొద్దుటి మంచు ఇంకా లేవకుండానే ఉంటుంది. కాలువ గట్టు మీద ఎవరో సైకిల్ తొక్కుకుంటూ కాసేపు మనతోపాటే వచ్చి, మెల్లగా ఆ తెల్లదనంలోకి వెళ్ళిపోతారు. రైలు ఊపుకి చెయ్యి ఊగుతుంది, వీడియో ఊగుతుంది, నేనూ ఊగుతాను. ఎక్కడ దిగాలో మరిచిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

నాకు తెనాలిలో జాకెట్లు కుట్టే చిన్న షాపు ఉంది. ఆదివారం షాపు మూసి, ఏదో ఒక రైలో బస్సో ఎక్కి, దారి పొడుగునా వీడియో తీస్తాను. తీసేటప్పుడు నాకు తోచింది మాట్లాడుతుంటాను. మా ఆయన మొదటి వీడియో చూసి, ‘ఇది చూస్తే నిద్రమాత్ర అక్కర్లేదే’ అన్నారు. తర్వాత చూసేవాళ్ళూ అదే మాట రాశారు. ‘మీ గొంతు వింటుంటే నిద్రొచ్చేస్తోంది మేడం’ అని ఒకరు. అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో తేలక రెండు రోజులు గింజుకున్నాను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ‘ఇంట్లో వంట చేసుకోకుండా ఈ తిరుగుళ్ళేంటి ఆంటీ?’ అని ఇంకొకడు రాస్తే, ‘వండి క్యారేజీ కట్టుకునే వచ్చాను నాయనా, నీకూ ఓ ముద్ద పెట్టనా?’ అని రాశాను. వీడియో కంటే ఆ జవాబుకే ఎక్కువ లైకులొచ్చాయి.

అలా మంచికీ చెడ్డకీ అందరికీ జవాబిచ్చేదాన్ని. ఒక్క ప్రశ్నకి మాత్రం నోరు మెదిపేదాన్ని కాదు. ‘బాపట్ల ఎప్పుడు చూపిస్తారండీ?’

రేపల్లె చూపించాను. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళ చేతులు చూపించాను. వేటపాలెం వెళ్ళే రైలు బాపట్లలో ఆగినప్పుడు మాత్రం ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుని, రైలు కదిలిందాకా కళ్ళు మూసుకు కూర్చున్నాను. బాపట్లలో మా అక్క ఉంది. మా ఇద్దరికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు.

బావ పోయాక, ఏడాది తిరక్కుండానే అక్క కూతురి పెళ్ళి చేసింది. మా వైపు పెళ్ళికి పిలవాలంటే ఇంటికొచ్చి నుదుట బొట్టు పెట్టి పిలవాలి. ఎదురింటి వాళ్ళనైనా అలాగే పిలుస్తారు. అలాంటిది అక్క నాకు ఫోన్లో కార్డు పంపింది. కింద ‘తప్పక రా’ అని రెండు మాటలు. అంతే! తోడబుట్టినదాన్ని, ఒకే కంచంలో తిన్నదాన్ని, ఆమాత్రం గడప తొక్కడానికి కాళ్ళు రాలేదా? ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వెళ్ళలేదు. మా ఆయనొక్కరే వెళ్ళి అక్షింతలు వేసి వచ్చారు.

కిందటేడాది రేపల్లె దగ్గర కృష్ణ ఒడ్డున తీసిన వీడియో పెట్టాను. సాయంత్రపు నీళ్ళు, అవతలి ఒడ్డు కనీకనపడకుండా ఉండడం, పడవ మీద ఎవరిదో పాట. దాని కింద పేరూ ఊరూ లేని ఒకరు రాశారు. ‘అంత అంచున నిలబడకు.’ నాకు ఒళ్ళు మండింది. నన్ను ‘నువ్వు’ అనడానికి ఈ మహానుభావులెవరు? తర్వాత వారం వేమూరు కాలువ గట్టు వీడియో కింద మళ్ళీ వాళ్ళే. ‘ఎండలో తిరిగితే నీకు ముక్కులోంచి రక్తం కారుతుంది. గొడుగు తీసుకెళ్ళు.’

షాపులో కుడుతూ చదివాను. మిషను మీద కాలు ఆగిపోయింది. అమ్మ పోయాక ఆ సంగతి తెలిసింది ఒక్క మనిషికే. నన్ను అరుగు మీద పడుకోబెట్టి, నుదుటి మీద తడిగుడ్డ వేసి, విసనకర్రతో విసిరిన మనిషి.

జవాబివ్వలేదు. పలకరిస్తే ఎక్కడ మాయమైపోతుందోనని భయం. కానీ ఆ తర్వాత ఆదివారాలు నాకు ఏదో కలలో తిరిగినట్టే గడిచాయి. నీళ్ళ మీద కొంగలు లేస్తే ‘చూశారా’ అనబోయి ‘చూశావా’ అనేదాన్ని. ‘ఎవరితో మాట్లాడుతున్నారు మేడం?’ అని జనం అడగడం మొదలుపెట్టారు. ప్రతి వీడియో కిందా అక్క మాట ఒకటి ఉండేది. ‘చిక్కిపోయావు.’ ‘ఆ చీర నీకు బాగుంది.’

ఉన్నట్టుండి ఆ మాటలు ఆగిపోయాయి. ఒక వారం లేదు, ఇంకో వారం లేదు. నా మనసు మనసులో లేదు. మిట్టమధ్యాహ్నం గొడుగు లేకుండా నిలబడి కావాలనే ఒక వీడియో తీసి పెట్టాను. చూసినవాళ్ళందరూ గొడుగేదని తిట్టారు గానీ, తిట్టాల్సిన మనిషి తిట్టలేదు. ఆ పై ఆదివారం బాపట్ల రైలెక్కాను.

‘వీడియో కోసమేనా?’ అన్నారు మా ఆయన.

‘ఆ, వీడియో కోసమే,’ అన్నాను.

అక్క తలుపు తీసింది. కళ్ళకి నల్లద్దాలు. ‘కంటి ఆపరేషనైందే. ఫోను ముట్టుకోవద్దన్నారు. ఈ మధ్య ఎటెళ్ళావేంటి?’ అంది, నిన్ననే మాట్లాడి ఆపినట్టు.

ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి. ‘గొడుగు తీసుకెళ్ళమని చెప్పడానికి గుర్తొస్తాను గానీ, పెళ్ళికి బొట్టు పెట్టి పిలవడానికి గుర్తు రాలేదా నీకు?’ అని అరిచాను.

అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. ‘నేనెలా పెడతానే నీకు బొట్టు? మీ బావ పోయి ఏడాదన్నా కాలేదు. నేను శుభానికి పనికిరానని ఇంటింటికీ మా తోడికోడలే తిరిగి పిలిచింది. నీ దగ్గరికీ ఆవిణ్ణే పంపితే, నా చెల్లెలికి కూడా నేను పనికిరానని ఒప్పుకున్నట్టే కదా. నాకు మనసొప్పలేదు. ఎవర్నీ పంపలేదు.’

ఇన్నేళ్ళూ నాకీ ఆలోచనే రాలేదు. మళ్ళీ ఒళ్ళు మండింది, ఈసారి అక్క మీద కాదు. దేవుడి గదిలోకి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి అక్క చేతిలో పెట్టాను.

‘పెట్టు.’

‘పిచ్చా ఏంటే? పసుపూ కుంకుమలతో ఉన్నదానివి, నేను...’

‘ముందు పెట్టు, తర్వాత తిట్టు.’

అక్క ఎడం చేత్తో నా నుదురు తడుముకుంది. కుడిచేతి వేలితో కుంకుమ అద్దింది. నా కళ్ళు నిండిపోయి అక్క మొహం సరిగ్గా కనిపించలేదు.

సాయంత్రం ఇద్దరం సూర్యలంక వెళ్ళాం. సముద్రం మీద ఎండ తగ్గుతూ, నీళ్ళూ ఆకాశమూ ఒకటే బూడిదరంగులోకి మారుతుంటే, ఇసుకలో కూర్చుని నేను చూసింది చూసినట్టు అక్కకి చెప్పాను. అదే వీడియో. ‘మొత్తానికి బాపట్ల చూపించారండీ!’ అని చాలామంది సంబరపడ్డారు. కానీ అంతకంటే ఎక్కువమంది ఒకటే రాశారు. ‘మేడం, బొట్టు కనుబొమ మీదికి పోయింది. అద్దం చూసుకోలేదా?’

ఒక్కర్నీ వదల్లేదు. అందరికీ విడివిడిగా జవాబు రాశాను. ‘మా అక్క పెట్టిందండీ.’