గుప్పెడు బియ్యం చదువు

మా సంఘంలో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా కడగబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసేవారు. ఆదివారం వాటిని చర్చికి తెచ్చి ముందున్న వెదురుబుట్టలో పోసేవారు. ఆరాధన అయ్యాక పెద్దలు ఆ బియ్యాన్ని వేలం వేసేవారు. హిందీ మాట్లాడే ఊళ్లోని ఈ టెల్కో లారీల ప్లాంటు కాలనీకి మా క్రైస్తవ కుటుంబాలు కోస్తా నుంచి వెంట తెచ్చుకున్న అలవాటు అది. నేను మెట్రిక్ పాసై కాలేజీలో చేరినప్పుడు మొదటి ఏడు ఫీజు ఆ డబ్బుతోనే కట్టారు. ఇంతమంది ఆడవాళ్లు తమ అన్నంలోంచి తీసి చదివించిన పిల్లని నేను. ఆ మాట చెప్పుకోవడానికి నాకెప్పుడూ సిగ్గనిపించలేదు, గర్వంగానే ఉంటుంది.

రెండో ఏడు వచ్చేసరికి పెద్దలకి మైకు మీద మనసు పడింది. వెనక బెంచీలో దగ్గితే ముందు బెంచీవాళ్లు తిరిగి చూసేంత చిన్న చర్చి మాది. దానికి మైకు! కమిటీలో మగవాళ్లంతా బియ్యం డబ్బు మైకుకే అని చేతులెత్తారు. అందులో మా నాన్న ఒకడు. ప్లాంటులో ఫిట్టరు ఆయన, నా వెనక ఇంకా చిన్నవాళ్లున్నారు. ఆ డబ్బు రాకపోతే నా చదువు ఆగిపోతుందని ఆయనకి బాగా తెలుసు.

"ఏటీ, నువ్వూ సెయ్యెత్తీసినావా?" అని ఇంటికి రాగానే అమ్మ నిలదీసింది.

"కమిటీలో కూకుని నా కూతురికే ఇమ్మని నానెలా అడుగుతాను? నామోషీ కాదేటి?"

అమ్మ ఆ వారమంతా క్వార్టర్ల మధ్య తెగ తిరిగింది. నేను పుస్తకాలు అటక మీద పెట్టేశాను.

ఆదివారం కానుకల పాట అయిపోయింది. బుట్ట దగ్గరికి ఒక్క ఆడమనిషీ లేవలేదు. పాస్టరు గారు కళ్లజోడు సవరించుకుని బుట్టలోకి తొంగి చూశారు.

"ఏమ్మా, హడ్తాలా?" అన్నారు నవ్వబోతూ.

అమ్మ లేచి నిలబడింది. "అవునయ్యగారూ, సమ్మే. ప్లాంటులో మగోళ్లు సేత్తే హక్కు, మేం సేత్తే తప్పా? ఆ బియ్యం పిల్ల సదువుకని తీసినాం. మైకు కావాలంటే బీడీలు మానేసి కొనుక్కోమనండి."

ఆడవాళ్ల వైపు నవ్వులే నవ్వులు. మా అమ్మ లాంటి అమ్మ ఆ ఊళ్లో ఇంకెవరికీ లేదనిపించింది నాకు. నాన్న మాత్రం తలెత్తలేదు.

పై ఆదివారమూ బుట్ట ఖాళీయే. పాస్టరు గారు దాని వైపు చూడటం కూడా మానేశారు. అప్పుడు మగవాళ్ల వరుసలోంచి నాన్న లేచాడు. షిఫ్టుకి పట్టుకెళ్లే టిఫిను డబ్బా మూత తీసి, అందులోని బియ్యం బుట్టలో పోశాడు. మగవాడు ఆ పని చెయ్యడం మేమెన్నడూ చూడలేదు. గొంతు సరిచేసుకుని సంఘం వైపు తిరిగాడు.

"నా కూతురి సదువుకి," అన్నాడు. "నానే అడుగుతన్నాను."

ఆడవాళ్లందరూ రెండు ఆదివారాలుగా పొయ్యకుండా కొంగుల చాటున పెట్టుకున్న బియ్యం డబ్బాలు బయటికి తీశారు.