తగ్గని కొలెస్ట్రాల్, నాగరత్నం గారి కోలాటం

2019లో నేను నందిగామలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీసి, పరీక్ష చేసి, అంకెలు కాగితం మీద పెట్టి ఇవ్వడం వరకే మా పని. రోగం పేరు చెప్పాల్సింది డాక్టరు గారు.

నాగరత్నం గారు జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చేవారు. యాభైకి దగ్గరపడిన మనిషి. భర్తది పప్పుల టోకు వ్యాపారం. ఆవిడని నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. మూడు నాలుగు నెలలకోసారి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వులు చూసే పరీక్ష, చేయించుకునేవారు. చెడ్డ కొలెస్ట్రాల్ అంటామే, ఆ ఎల్‌డీఎల్ ఎప్పుడూ ఎక్కువే.

ఆ వేసవిలో భర్త కూడా వచ్చారు. రిపోర్టు చూసి నా ఎదుటే అన్నారు.

"నెయ్యి మానేశానంటుంది, వేపుళ్ళు మానేశానంటుంది. రిపోర్టు అబద్ధం చెప్పదు కదమ్మా?"

"చెప్పదండీ," అన్నా. పిన్నిగారు తల దించుకున్నారు.

ఆయన ఫోనొస్తే బయటికెళ్ళారు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. మే నెల ఎండలో కూడా ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"నేనేమీ తినట్లేదమ్మాయ్. ఒట్టు. ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు."

"నీరసంగా ఉంటోందా పిన్నిగారూ?"

"రెండు చుట్లు తిరిగేసరికి కాళ్ళు బరువెక్కిపోతున్నాయి. అందుకే కోలాటం మానేసా. ఇరవైమందికి నేర్పినదాన్ని! సాయంత్రం వాళ్ళ కర్రల చప్పుడు మా మేడ మీదికి వినిపిస్తుంది. కిటికీ మూసేద్దామని లేస్తా. మూయలేను."

చెబుతుంటే ఆవిడ వేళ్ళు బల్ల మీద తాళం వేస్తూనే ఉన్నాయి.

పక్క గదిలోని డాక్టరు గారికి విషయం చెప్పా. ఆయన ఆవిడని పిలిచి మాట్లాడి, థైరాయిడ్ పరీక్షలతోపాటు సీఆర్‌పీ కూడా రాశారు. ఒంట్లో వాపు లక్షణం, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఉంటే రక్తంలో సీఆర్‌పీ పెరుగుతుంది. పొద్దున తీసిన రక్తంలోనే అవీ చేసా. థైరాయిడ్ హార్మోను మామూలుగానే ఉంది. దాన్ని తయారు చెయ్యమని మెదడు కింది గ్రంథి పంపే టీఎస్‌హెచ్ మాత్రం పెరిగింది. సీఆర్‌పీ కూడా కొంచెం ఎక్కువే.

డాక్టరు గారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. "థైరాయిడ్ కొద్దిగా మందగించింది. అలా అయినప్పుడు రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ని లాక్కునే పని లివర్ సరిగా చెయ్యదు. తిండి తగ్గించినా అది అక్కడే తిరుగుతుంటుంది. ఒంట్లో ఆ కొద్దిపాటి వాపు కూడా దీనివల్ల ఉండొచ్చు, బరువు వల్లా ఉండొచ్చు, తేల్చి చెప్పలేను. రెండు నెలలాగి మళ్ళీ చూద్దాం."

భర్త చేతిలోని రిపోర్టు మడిచారు. తర్వాత భార్య వైపు తిరిగారు. "అయితే ఇన్నాళ్ళూ నిజమే చెప్పావా?"

ఆవిడ చీర కొంగు సర్దుకుని లేచారు.

రెండు నెలల తర్వాత కూడా టీఎస్‌హెచ్ అలాగే ఉండటంతో చిన్న డోసు థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు. మరుసటి ఏడాది మొదట్లో పరీక్షకి వచ్చినప్పుడు కొలెస్ట్రాల్ బాగానే తగ్గింది. సంతోషంగా అడిగా, "కోలాటానికి వెళ్తున్నారా?"

"వెళ్ళానమ్మాయ్. ఇప్పుడు వేరే ఆవిడ నేర్పుతోంది. అన్నీ కొత్త పాటలు. వెనక వరసలో నిలబడ్డా. కాళ్ళు బాగానే ఆడాయి, కానీ అడుగులు తెలియలా." నవ్వబోయి ఆగారు. "నా పాట ఒక్కటి, ఒక్కసారి ఆడిస్తే బాగుండుననిపించింది. అడగలేకపోయా."

రిపోర్టు అబద్ధం చెప్పదని ఆరోజు నేనన్న మాట తప్పు కాదు. కానీ నేను చేసిన పరీక్ష గురించి మాత్రమే ఆ కాగితం చెబుతుంది, చెయ్యని పరీక్ష గురించి కాదు. ఆ తేడా తెలిసి ఉంటే, ఆయనతో ఆ మాట కూడా అనేదాన్ని. ఇప్పుడు ఎవరి అంకెలు తగ్గకపోయినా, ఏం తింటున్నారని ముందు అడగను. ఏం మానేశారు, ఎందుకు మానేశారు అని అడుగుతున్నా. చాలామంది తిండి గురించి మొదలుపెట్టి, వేరే దేని గురించో చెబుతారు. విని, డాక్టరు గారికి చెబుతా.