ఎత్తి పోసుకున్న మందు

పెళ్ళయి రేపల్లె వచ్చిన కొన్నాళ్ళకే నాకు మంచి కోడలనే పేరొచ్చింది. నా నోటి సంగతి తెలిసిన మా పుట్టింటివాళ్ళు తెనాలిలో ఆ మాట విని నవ్వారు. కారణం నేను కాదు, మా అత్తగారి మొహం. నేను కాపురానికి వచ్చేసరికి ఆవిడ బుగ్గలు పీక్కుపోయి, ఉబ్బసంతో దిండుకి ఆనుకుని కూర్చునేవారు. అరవయ్యో దశకం చివరికొచ్చేసరికి ఆ మొహం గుండ్రంగా, నిగనిగలాడుతూ తయారైంది.

"ఏం వదినా, కోడలు నేతిగిన్నె నీ విస్తట్లోనే బోర్లిస్తున్నట్టుంది" అనేది పక్కింటావిడ.

"అది పెట్టిందీ లేదు, నేను తిన్నదీ లేదు. ఒళ్ళు దానంతటదే వచ్చింది" అనేవారు అత్తగారు. మొత్తం వీధిలో నిజం మాట్లాడింది ఆవిడొక్కరే.

ఆ ఒళ్ళు బిళ్ళలది. మా ఊరి డాక్టరు పేరూ ఊరూ లేని తెల్లబిళ్ళలు కాగితప్పొట్లాల్లో కట్టి ఇచ్చేవాడు. నేను బీఎస్సీ చదివినదాన్ని, ఊరుకుంటానా?

"ఇవేం బిళ్ళలండి?"

"పేరెందుకమ్మా నీకు? ఆయాసం తగ్గిందా, లేదా?"

"తగ్గిందండి. మొహం ఎందుకు ఉబ్బింది?"

"ఆరోగ్యం" అన్నాడు.

ఆ ఆరోగ్యం ముదిరి, గాజు తగిలినా చేతిమీద చర్మం నల్లగా కమిలేది. చక్కెర జబ్బొచ్చింది. నడుం వంగింది. రెండు పూటలు బిళ్ళ మానితే మళ్ళీ ఊపిరాడేది కాదు. నూర్పిళ్ళ రోజుల్లో గాలినిండా దుమ్మే కాబట్టి డాక్టరు బిళ్ళలు రెట్టింపు చేసేవాడు. డెల్టాలో ఒళ్ళొస్తే సుఖమనీ, చిక్కితే జబ్బనీ లెక్క. ఉబ్బిన మనిషిని చూసి భయపడాలని మాకెవరికీ తోచలేదు.

డెబ్బయ్యో దశకం చివర్లో, బాపట్లలో మద్రాసు చదువు చదివొచ్చిన డాక్టరున్నాడని మావారు ఎవరిదగ్గరో విన్నారు. రేపల్లె బండి దిగి తెనాలిలో మారాలి. స్టేషను వంతెన మెట్లు సగం ఎక్కి అత్తగారు కూలబడ్డారు. "మీరు పదండి. నేను వచ్చే ఏడాది బండికి వస్తా" అన్నారు, రొప్పుతూనే.

ఆ డాక్టరు అత్తగారి మొహమూ బిళ్ళా చూడగానే, ఇది స్టెరాయిడ్, ఈ ఉబ్బు దానిదే అన్నాడు. కొత్తగా పీల్చే మందు వచ్చింది, మద్రాసు నుంచి తెప్పించుకోవాలి అన్నాడు. అదీ స్టెరాయిడే అని తెలిసి నేను లేచాను.

"దాన్ని తిట్టి మళ్ళీ దాన్నే ఇస్తారేంటండి?"

"ఒక్క మడి తడవాలంటే కాలవకి గండి కొడతారామ్మా? బిళ్ళ ఒళ్ళంతా పారుతుంది. ఇది కొంచెమే, ఊపిరితిత్తుల్లోకే పోతుంది."

"నష్టమే లేదంటారు?"

"ఎందుకు లేదు? నోట్లో తెల్లగా పూస్తుంది, గొంతు బొంగురుపోతుంది. అందుకే పీల్చగానే పుక్కిలించి ఉమ్మేయాలి. పెద్ద మోతాదు ఏళ్ళతరబడి వాడితే ఇదీ కొంత ఒంటికెక్కుతుంది. పైగా ఆయాసం వచ్చాక పీలిస్తే అప్పటికప్పుడు తగ్గదు, బాగున్నా రోజూ పీల్చాలి. బిళ్ళలు మాత్రం ఉన్నట్టుండి మానకండి, ప్రమాదం. ఊపిరి కుదుటపడ్డాక నేను తగ్గిస్తా."

మందొచ్చింది, నొక్కితే తుంపరగా చిమ్మే చిన్న డబ్బా. అత్తగారు రోజూ స్నానం చేసి, గది తలుపేసుకుని పీల్చేవారు. ఆయాసం పిసరంతైనా తగ్గలేదు. నాలుకంతా తెల్లగా పూసింది, గొంతు బొంగురుపోయింది. "గాలిమందు గాల్లో కలిసింది" అని మా ఊరి డాక్టరు నవ్వి, బిళ్ళలు ఇంకాస్త పెంచాడు. ఆ వానాకాలమంతా అలాగే గడిచింది.

నూర్పిళ్ళకి ముందు మళ్ళీ బాపట్ల వెళ్ళాం. నేను వెళ్ళింది పోట్లాటకే. డాక్టరు నా మాటలన్నీ విని, "పెద్దమ్మగారూ, ఒక్కసారి నా ఎదుట పీల్చండి" అన్నాడు.

అత్తగారు మొహం పైకెత్తి, నోరు తెరిచి, జానెడెత్తున ఆ డబ్బా పట్టుకుని నొక్కారు. అచ్చం చెంబుతో నీళ్ళు ఎత్తి పోసుకున్నట్టే. సగం మందు నాలుకమీద పడింది, సగం గదిలో పోయింది.

"పెదాలమధ్య పెట్టుకోవాలమ్మా."

"ఎంగిలి చేసినదాన్నే రోజూ నోట్లో పెట్టుకోమంటావా నాయనా? పోనీ కడుగుదామంటే తడి తగలకూడదన్నావు."

మా ఇంట్లో అందరం నీళ్ళు అలాగే, పెదాలకి తగలకుండా తాగుతాం. ఆవిడ తలుపు తీసి మా ఎదుటే పీల్చినా అందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు. నష్టం మాత్రం నోటికంటింది, లాభం లోపలికి దిగలేదు.

డాక్టరు పాత క్యాలెండరు అట్ట చింపి గొట్టంలా చుట్టాడు. ఒక కొసకి డబ్బా పెట్టాడు. "రెండో కొస మీ నోట్లో. విస్తరాకు అనుకోండి, వాడి పారేయండి."

అత్తగారు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా" అన్నారు.

నెల తిరిగేలోగా నాలుక శుభ్రపడింది. నూర్పిళ్ళ దుమ్ములోనూ పడుకుని నిద్రపోయారు. బిళ్ళలు సగానికి, తరవాత పావుకి దిగాయి. మొహం చిక్కితే, "అత్తగారిని మాడుస్తున్నావేంటమ్మా?" అని అడిగారు వీధిలో. మంచి కోడలి పేరు అలా పోయింది. తెనాలిలో వంతెన ఆగకుండా ఎక్కేసి, వెనకబడ్డ మమ్మల్ని పైనుంచి తిట్టారావిడ.

వేసవి వచ్చేసరికి పెరట్లో జారి కూర్చున్నారు. పెద్దగా పడిందేమీ కాదు. తొడ ఎముక విరిగింది.

ఎక్స్‌రే చూసి, "ఈ పీల్చే మందువల్లేనా?" అని బాపట్ల డాక్టర్ని అడిగారు మావారు.

"కాదండి. ఏళ్ళతరబడి మింగిన బిళ్ళలు ఎముకని గుల్ల చేశాయి."

"మొదటి రోజునుంచీ సరిగ్గా పీల్చి ఉంటే?" అన్నాను నేను.

"చెప్పలేనమ్మా. ఎముక బలం అప్పటికే పోయుండొచ్చు. బిళ్ళలు పెంచిన ఆ వానాకాలంలో మిగిలిందీ పోయుండొచ్చు."

నేను ఎక్స్‌రే తీసి కవరులో పెట్టాను.

అత్తగారు మళ్ళీ నడవలేదు. వసారాలో మంచం వేశాం. మావారు సాయంత్రాలు అట్టగొట్టాలు చుట్టేవారు. ఒకరోజు ఆవిడ వీధికేసి చూస్తూ, "ఊపిరి బాగా ఆడుతోందే అమ్మాయ్. తెనాలిదాకా నడవొచ్చు" అన్నారు.

నేను గొట్టం అందించాను. పీల్చి, చెప్పినట్టే ఊపిరి బిగబట్టి వదిలారు. పుక్కిలించి, నేను పట్టిన గిన్నెలో ఉమ్మేసి, మొహం గోడవైపు తిప్పుకున్నారు.